యంత్రం చేశారు సరే, జడ్జీలకు ఎలా చెబుతారు?

వరి కోతలు మొదలైతే కరీంనగర్ జిల్లా చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో ఖాళీ జాగా కనిపించదు. కల్లాల్లో, ఐకేపీ కొనుగోలు సెంటర్ల ముందు, రోడ్ల అంచుల మీద టార్పాలిన్లు పరిచి వడ్లు ఆరబోస్తారు. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా. అప్పటిదాకా రైతు రాశి దగ్గరే కాపలా ఉంటాడు. వడ్లు తిరగేయాలి, తాలు పట్టాలి, బస్తాలు నింపాలి, కుట్టాలి, లారీకెక్కించాలి. ఇదంతా చూస్తూ బడికి నడిచే పిల్లలు ఇంజనీరింగ్ సమస్యల కోసం పుస్తకాల్లో వెతకాల్సిన పనిలేదు.

పక్కనున్న రాజన్న సిరిసిల్ల జిల్లాలో, వేములవాడ దగ్గరి హన్మాజీపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకరు అలా చూసిన కష్టంలోంచే వడ్లు బస్తాల్లోకి నింపే యంత్రాన్ని తయారుచేశాడు. మామూలుగా ఒకరు బస్తా మూతి పట్టుకుంటే మరొకరు వడ్లు ఎత్తిపోయాలి, ఇంకొకరు పక్కకు లాగాలి. ఇంతమంది చేసే ఆ పనిని ఒక్కరితో చేయించడం దాని ఉద్దేశం. ఆ నమూనా ఇన్‌స్పైర్ మానక్ పోటీల్లో జాతీయ స్థాయి దాకా వెళ్లి గుర్తింపు తెచ్చుకుంది.

పల్లె బడి నుంచి జాతీయ వేదిక దాకా సాగే ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక బల్ల ఉంటుంది. బల్ల మీద నమూనా, ఇవతల పిల్లలు, అవతల ముక్కూమొహం తెలియని ఇద్దరు ముగ్గురు జడ్జీలు. చేతిలో ఉండేది ఐదు పది నిమిషాలు. నెలల తరబడి చేసిన పని ఆ కాసేపట్లో ఎదుటివారికి అర్థం కావాలి. యంత్రం మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా చాలా బడులు ఆ నిమిషాల మీద పెట్టవు. చివరి వారంలో సార్ ఒక ఉపన్యాసం రాసిస్తారు, పిల్లలు బట్టీ పడతారు. మంచి నమూనాలు చాలావరకు అక్కడే వెనకబడిపోతాయి.

పోటీలు వేరు, అడిగేది దాదాపు ఒకటే

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడులకు అన్నింటికన్నా దగ్గరి పోటీ ఇన్‌స్పైర్ మానక్. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి దీన్ని నడుపుతున్నాయి. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీ కోసం విద్యార్థి బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. ఆ తర్వాత జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, చివరకు జాతీయ ప్రదర్శన. జాతీయ స్థాయికి చేరే వెయ్యి వరకు నమూనాల్లోంచి 60 మాత్రమే నిలుస్తాయి. జడ్జీలు ప్రధానంగా ఐదు విషయాలు చూస్తారు: ఆలోచనలో కొత్తదనం ఉందా, సమాజానికి పనికొస్తుందా, పర్యావరణానికి హాని లేకుండా ఉందా, వాడటం సులువేనా, ఇప్పుడున్న పద్ధతి కంటే మెరుగేనా.

రోబోల పోటీల సంగతికొస్తే ప్రపంచంలో బాగా పేరున్నవి ‘ఫస్ట్’ సంస్థవి. అమెరికాలో డీన్ కామెన్ అనే ఆవిష్కర్త 1989లో ఈ సంస్థను స్థాపించారు. 1998లో లెగో కంపెనీతో కలిసి చిన్న తరగతుల పిల్లల కోసం ఫస్ట్ లెగో లీగ్ మొదలుపెట్టారు. మన దేశంలోనూ దీని పోటీలు జరుగుతున్నాయి.

ఈ లీగ్‌లో పిల్లల రోబో బల్ల మీద రెండున్నర నిమిషాలపాటు పనులు చేసి పాయింట్లు తెస్తుంది. చూడటానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేది అక్కడే. కానీ ఛాంపియన్‌ను తేల్చే లెక్కలో ఆ ఆటకు వచ్చేది 25 శాతం. మిగతా 75 శాతం మూడు సమాన భాగాలు: రోబోను ఎలా రూపొందించారన్నది ఒకటి, ఒక నిజమైన సమస్యకు చూపిన పరిష్కారం ఇంకొకటి, జట్టుగా ఎలా మెలిగారన్నది మూడోది. ఈ మూడూ ప్రధానంగా తేలేది తలుపు మూసిన గదిలో, జడ్జీల ఎదుట, సుమారు అరగంటలో. అంటే రోబో ఎంత చురుగ్గా తిరిగినా, పిల్లలు దాని కథ చెప్పలేకపోతే ముప్పావు భాగం ఫలితం చేజారినట్టే.

పెద్ద తరగతులవాళ్లకు ఫస్ట్ టెక్ ఛాలెంజ్ ఉంది. జట్టులో 15 మంది దాకా ఉండవచ్చు. జడ్జీల గదిలో మొదటి ఐదు నిమిషాలు జట్టువి, ఎవరూ మధ్యలో ఆపరు. ఆ తర్వాత ప్రశ్నలు. దానితోపాటు ఇంజనీరింగ్ పోర్ట్‌ఫోలియో ఇవ్వాలి. అట్ట పేజీ కాక 15 పేజీలు దాటకూడదు. అవార్డులు కూడా ఒక్కొక్కటి ఒక్కో గుణాన్ని వెతుకుతాయి. ‘థింక్’ అవార్డు తయారీలో నడిచిన ఆలోచనను చూస్తుంది, ‘కంట్రోల్’ అవార్డు సెన్సర్లు, ప్రోగ్రామింగ్ నేర్పును చూస్తుంది, ‘కనెక్ట్’ అవార్డు బయటి నిపుణులతో జట్టు పెంచుకున్న సంబంధాలను చూస్తుంది. అన్నింటిలోనూ మెరిసిన జట్టుకు ‘ఇన్‌స్పైర్’ అవార్డు. ఫస్ట్‌వి కాక మరో పోటీ వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్. 2004లో మొదలైన దీని అంతర్జాతీయ ఫైనల్స్ 2016లో మన దేశంలోనే జరిగాయి. అందులో ఇద్దరు ముగ్గురు పిల్లల చిన్న జట్లు ఉంటాయి. కొత్త ఆవిష్కరణల విభాగంలో అక్కడా ప్రదర్శన, ప్రశ్నలు తప్పవు.

ఇన్ని పోటీల మూల్యాంకన పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే అడిగేది దాదాపు ఒకటే. సమస్యను మీరు ఎలా కనిపెట్టారు? ఏయే దారులు ఆలోచించారు? ఏది పనిచేయలేదు, అప్పుడు ఏం మార్చారు? పనిచేస్తోందని ఎలా తెలుసు? ఎవరెవరు ఏం చేశారు? ఈ ఐదింటికీ జవాబులు పిల్లల అనుభవంలోనే ఉంటాయి. వాటిని పోగొట్టుకోకుండా దాచి, సరైన వరుసలో బయటకు తేవడమే తయారీ.

తొలి రోజు నుంచే ఒక నోటుపుస్తకం

ప్రదర్శన తయారీ చివరి వారంలో మొదలైతే ఆలస్యమైపోయినట్టే. అది మొదలుకావాల్సింది జట్టు మొదటిసారి కూర్చున్న రోజు, ఒక లాంగ్ నోటుబుక్కుతో. ఆ రోజు ఎవరెవరు వచ్చారు, ఏం అనుకున్నారు, ఏం గీశారు, ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏం పాడైంది, ఎందుకు పాడైంది, రేపు ఏం చేయాలి. తేదీ వేసి, పిల్లల చేతిరాతతో, కొట్టివేతలతో సహా అందులో ఉండాలి. అందంగా తిరగరాసిన ‘ఫెయిర్ కాపీ’ కంటే నూనె మరకలు పడిన ఈ పుస్తకాన్నే అనుభవం ఉన్న జడ్జి ముందు తెరుస్తారు. మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ తేడా ఎంత ఉంటే అంత ఆసక్తిగా చదువుతారు.

ఫోన్ ఉంటే ఫొటోలు తీసి పెట్టాలి. ముఖ్యంగా విరిగినవి, కాలినవి, వంకరపోయినవి. పనిచేయని నమూనాను పిల్లలు సిగ్గుపడి విప్పేసి పారేస్తుంటారు. దాన్ని దాచిపెట్టి బల్ల మీద కొత్తదాని పక్కనే పెడితే, ‘మెరుగుపరిచాం’ అని నోటితో చెప్పాల్సిన అవసరమే రాదు. లెగో లీగ్ మూల్యాంకన పత్రంలో ‘మెరుగుపరచడం’ విడిగా ఒక అంశం. మొదలు, ఎదుగుదల, సాధన, సాధనను మించినది అంటూ నాలుగు మెట్లుంటాయి. నాలుగో మెట్టు ఇవ్వాలంటే జడ్జి కారణం కూడా రాయాలి. ఆ కారణం జడ్జికి అందించేది పాత నమూనా, పరీక్షల పట్టిక.

ఎవరి కష్టం? ఏ ఊళ్లో?

యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం ఎందుకు చేశారంటే చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పోచంపల్లి చీరలకు నేతకు ముందు దారాన్ని ఆసు పోసీ పోసీ ఆయన తల్లి లక్ష్మికి భుజం నొప్పులు వచ్చాయి. చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాల్సిన పని అది. ఆ ఒక్క మాట విన్నాక యంత్రం ఎలా ఉంటుందో తెలియకముందే, అది ఎందుకు కావాలో విన్నవారికి తెలిసిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టారు.

బడి పిల్లల ఆవిష్కరణల్లోనూ ఇదే కనిపిస్తుంది. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట ప్రభుత్వ బడి విద్యార్థిని ఒకరు మొక్కలు నాటేటప్పుడు పారేసే ప్లాస్టిక్ సంచులను చూసి, వాటి బదులు పల్లీ పొట్టుతో మట్టిలో కలిసిపోయే కుండీ చేసింది. గద్వాల ప్రాంతంలో పల్లీ పొట్టుకు కొదవలేదు. హైదరాబాద్‌లోని నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఆ కుండీల తయారీకి యంత్రం రూపొందించింది. యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి బడి బాలికలు చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్కతో శానిటరీ ప్యాడ్లు చేశారు. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్, విద్యాశాఖ, యునిసెఫ్, ఇంక్వి-ల్యాబ్ ఫౌండేషన్ 2020లో మొదలుపెట్టిన పాఠశాలల ఇన్నోవేషన్ ఛాలెంజ్‌లో వారి ఆలోచన మెప్పు పొందింది. రెండు చోట్లా సమస్య పిల్లల కళ్లెదుటిదే. పరిష్కారానికి కావాల్సిన సరుకు కూడా ఊళ్లోదే.

రోబో జట్లు ఇక్కడే ఎక్కువగా తప్పటడుగు వేస్తాయి. ముందు కిట్ వస్తుంది, ఆ కిట్‌తో ఏం చేయవచ్చో చూస్తారు, చివరన ఒక సమస్యను అతికిస్తారు. అతికించింది జడ్జికి మొదటి ప్రశ్నలోనే తెలిసిపోతుంది. ‘ఈ కష్టం పడేవారితో మాట్లాడారా?’ అని అడగగానే పిల్లలు సార్ వైపు చూస్తారు. మాట్లాడి ఉంటే ఆ చూపు అవసరం ఉండదు. ఎవరితో మాట్లాడారు, వాళ్లు ఏమన్నారు, ఆ మాటతో మీ నమూనాలో ఏం మారింది అన్న మూడు సంగతులు నోటుపుస్తకంలో ఉంటే సగం తయారీ అయిపోయినట్టే.

ఐదు నిమిషాలను ఎలా పంచుకోవాలి

ఒక ఊహాజట్టును తీసుకుందాం. చొప్పదండి మండలంలోని ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఐదుగురు, ఆరబోసిన వడ్లను తిరగేసే చిన్న బండి చేశారనుకుందాం. ఆర్డ్యునో బోర్డు, రెండు గేర్ మోటార్లు, బ్యాటరీ, వెనకాల పళ్ల పలక. బండి టార్పాలిన్ మీద ముందుకు వెనక్కి తిరుగుతూ వడ్లను కలియబెడుతుంది.

అలవాటైన తీరు ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు నమస్కారం. భారతదేశం వ్యవసాయ దేశం. మన దేశంలో ఎక్కువ శాతం ప్రజలు...’ ఒక నిమిషం అక్కడే కరిగిపోతుంది. జడ్జికి అప్పటికి తెలిసిన కొత్త సంగతి ఒక్కటీ ఉండదు.

మొదటి అరనిమిషంలో సమస్య మాత్రమే చెబితే చాలు: యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో ఆరబోస్తారు, ముసలివాళ్లు కూడా మిట్టమధ్యాహ్నం కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేయాల్సి వస్తుంది, తేమ 17 దాటి ఉంటే కాంటా ఆగుతుంది. తర్వాతి అరనిమిషం బండి ఏం చేస్తుందో చెప్పడం కాదు, చేసి చూపించడం. ఒక పళ్లెంలోనైనా సరే నిజమైన వడ్లు పోసి బండిని కదిలించాలి. ఆ తర్వాతి రెండు నిమిషాలు అసలైనవి. మొదటి బండి చక్రాలు వడ్లలో కూరుకుపోయాయి, వెడల్పు చక్రాలు పెట్టారు, బరువు పెరిగి మోటారు వేడెక్కింది, గేర్ నిష్పత్తి మార్చారు. ఒక్కో మార్పుకు కారణం, ఫలితం. నాలుగో నిమిషంలో రుజువులు: ఎన్నిసార్లు పరీక్షించారు, ఎన్నిసార్లు ఆగకుండా తిరిగింది, తిరగేసిన వడ్లకూ తిరగేయని వడ్లకూ తేమలో తేడా ఎంత వచ్చింది. తేమ కొలిచే యంత్రం కొనుగోలు సెంటర్లో ఉండనే ఉంటుంది, అడిగితే కొలిచి చెబుతారు. చివరి నిమిషం ఖర్చు, ఇంకా సాధించాల్సినవి, జట్టులో ఎవరు ఏం చేశారన్నది.

ఈ పంపకంలో మధ్యభాగమే పెద్దది. పిల్లలకు మొదటా చివరా ఎక్కువ సమయం ఇచ్చి మధ్యను ఒక్క వాక్యంలో దాటేయడం అలవాటు. ‘చాలా ప్రయత్నాల తర్వాత విజయం సాధించాం’ అనే ఆ ఒక్క వాక్యంలోనే జడ్జీ వెతికేదంతా దాగి ఉంటుంది.

పోస్టర్ కూడా దీనికి తోడుగానే ఉండాలి. దూరం నుంచి చదవగలిగే అక్షరాలు, ఒక పెద్ద బొమ్మ, ఒక పట్టిక చాలు. పేరాలకు పేరాలు రాస్తే పిల్లలు అటు తిరిగి చదవడం మొదలుపెడతారు.

బట్టీ పట్టకుండా నేర్చుకోవడం

ఐదుగురూ మాట్లాడాలి. చురుగ్గా మాట్లాడే ఒక్కరికే అప్పగిస్తే, జట్టుగా పనిచేశారా అన్న అనుమానం జడ్జీకి వస్తుంది. చాలాసార్లు చేత్తో పనిచేసినవాడు వెనకాల నిలబడతాడు, గొంతున్నవాడు ముందుంటాడు. తీగలు కలిపిన అమ్మాయి తీగల గురించి, చక్రాలు మార్చిన అబ్బాయి చక్రాల గురించి చెప్పాలి. తాము చేసిన పని గురించి చెప్పేటప్పుడు బెరుకు దానంతటదే తగ్గుతుంది.

మొత్తం ఉపన్యాసం రాసిచ్చే బదులు ఒక్కొక్కరికి నాలుగైదు మాటలున్న చిన్న అట్టముక్క ఇస్తే చాలు. ‘చక్రం కూరుకుంది - వెడల్పు - వేడెక్కింది - గేర్’ అని రాసి ఉంటే, పిల్లవాడు ప్రతిసారీ కొత్త వాక్యాలతో అదే సంగతి చెబుతాడు. మధ్యలో ఆపి ప్రశ్న అడిగినా తిరిగి అందుకోగలడు. బట్టీ పట్టినవాడు ఒక్క మాట మర్చిపోతే మళ్లీ ‘గౌరవనీయులైన’ దగ్గరి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఒకరి అట్టను మరొకరికి ఇచ్చి సాధన చేయించడం ఇంకా మేలు. పోటీ రోజు ఒకరికి జ్వరం వచ్చినా జట్టు ఆగదు. పైగా ఒకరి పని మరొకరికి ఎంత తెలుసో బయటపడుతుంది.

భాష విషయంలో మన పిల్లలకు భయం ఎక్కువ. ఇన్‌స్పైర్ మానక్‌కు ఆలోచనను భారతీయ భాషల్లో దేనిలోనైనా పంపవచ్చు. జిల్లా, రాష్ట్ర ప్రదర్శనల్లో జడ్జీలకు చాలావరకు తెలుగు వస్తుంది. అక్కడ అరకొర ఇంగ్లిష్‌లో తడబడేకంటే ఇంటి తెలుగులో ధారగా చెప్పడమే మంచిది. రాష్ట్రం దాటాక ఇంగ్లిష్ లేదా హిందీ అవసరమవుతుంది. అప్పటికి వాడాల్సిన పదాలు ఒక నలభై యాభై ఉంటాయి. వాటిని వాక్యాల్లో పెట్టి రోజూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు. చొప్పదండిలోనే కరీంనగర్ జిల్లా జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. పల్లె పిల్లలే ఎక్కువగా చేరే నవోదయల్లో తొమ్మిదో తరగతిలో కొందరు ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని మరో నవోదయకు వెళ్లి చదువుతారు. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల జట్లకు సాధన చేయించడానికి అలాంటి విద్యార్థుల కంటే మంచి తోడు దొరకదు. రెండు బడుల హెడ్మాస్టర్లు మాట్లాడుకుంటే ఒక ఆదివారం కుదిరే పని ఇది.

ప్రశ్నలే అసలు పరీక్ష

ఉపన్యాసం ఎంత బాగున్నా జడ్జీ నిర్ణయం ఎక్కువగా ప్రశ్నల దగ్గర తేలుతుంది. పిల్లలు చేసిందేదో, పెద్దలు చేసిచ్చిందేదో అక్కడ దాగదు. మన ఊహాజట్టునే తీసుకుందాం. దారికి అడ్డం వస్తే ఆగడానికి మొదట అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి, తర్వాత తీసేశారనుకుందాం. ‘ఎందుకు మార్చారు?’ అని జడ్జి అడిగారు.

ఒక రకం జవాబు: ‘అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వని తరంగాలను పంపి, అవి పరావర్తనం చెంది తిరిగి వచ్చే కాలాన్ని బట్టి దూరాన్ని గణిస్తుంది మేడమ్.’ తప్పేమీ లేదు. కానీ అడిగినదానికి జవాబు కాదు.

మరో రకం: ‘మొదలు అదే పెట్టినం మేడమ్. గోడ ముంగట మంచిగ పనిచేసింది. వడ్ల రాశి ఏటవాలు ఉంటది కదా, సప్పుడు వేరే దిక్కు పోయింది, మళ్ల తిరిగి రాలే. బండి పోయి రాశిల గుచ్చుకున్నది. అందుకే తాకంగనే నొక్కుకునే స్విచ్చి పెట్టినం.’

రెండో జవాబులో భౌతికశాస్త్రం మొదటిదానికంటే ఎక్కువే ఉంది. దానికితోడు బండిని రాశిలోకి తోలి చూసిన చేతుల అనుభవం ఉంది. ఆ అమ్మాయి యాసను ‘సరిచేసి’ పుస్తకభాషలోకి మార్చే ఉపాధ్యాయులు, తెలియకుండానే ఆమె బలాన్ని తీసేస్తున్నారు.

కష్టమైన ప్రశ్నలను ముందే ఊహించి రాసుకోవాలి. ‘కాళ్లతో తిరగేస్తే అయిపోయే పనికి బండి ఎందుకు?’ అనేది ఈ జట్టుకు ఎదురయ్యే అతి పెద్ద ప్రశ్న. దానికి నిజాయితీగల జవాబు ఉండాలి. కుర్రవాళ్లున్న ఇంటికి అవసరం లేకపోవచ్చు, పిల్లలు పట్నాలకు వెళ్లిపోగా ముసలివాళ్లే మిగిలిన ఇంటికి ఉపయోగం అని చెబితే జడ్జీ నమ్ముతారు. ‘ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయా?’ ‘వాన పడితే ఏమవుతుంది?’ ‘దుమ్ము మోటార్లోకి పోదా?’ ‘బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?’ ‘గింజ విరుగుతుందా?’ ‘ఇంకో ఏడాది సమయం ఇస్తే ఏం మారుస్తారు?’ ఇలా ఒక ముప్పై ప్రశ్నలు కాగితపు చీటీల మీద రాసి డబ్బాలో వేసి, రోజుకు ఐదు తీసి జవాబు చెప్పించాలి. తెలియనిది అడిగితే ‘అది మేం పరీక్షించలేదు సార్, ఇలా చేస్తే తెలుస్తుందనుకుంటున్నాం’ అనడం కూడా నేర్పాలి. కల్పించి చెప్పిన జవాబు వెనకాలే మరో ప్రశ్న వస్తుంది.

బండి మొరాయిస్తే

ప్రదర్శన హాల్లో ప్లగ్ పాయింట్ దూరంగా ఉండవచ్చు. ప్రయాణంలో తీగ ఊడిపోవచ్చు. బస్సు కుదుపులకు సోల్డరింగ్ వదిలేయవచ్చు. వెంట తీసుకెళ్లాల్సిన సంచిలో ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇంకో సెట్ బ్యాటరీలు, స్క్రూడ్రైవర్లు, ఇన్సులేషన్ టేపు, వీలైతే ఇంకో మోటారు ఉండాలి. బండి బాగా తిరిగిన రోజున తీసిన ఒక నిమిషం వీడియో ఫోన్లో సిద్ధంగా ఉండాలి, ఇంటర్నెట్ అవసరం లేకుండా.

అయినా ఆగిపోతే? ఒకరు మాట్లాడటం ఆపకూడదు, ఒకరు మాత్రమే బాగుచేయాలి. ఐదుగురూ బండి మీద వాలిపోవడం మామూలుగా జరిగేది. ఏం జరిగి ఉంటుందో జడ్జీకి బయటికి చెబుతూ వెతికితే, అదీ ప్రదర్శనలో భాగమే అవుతుంది. ఇందుకోసం సాధనలో ఒకరోజు సార్ కావాలనే ఒక తీగ లాగేసి చూడాలి.

సార్ ఎక్కడ నిలబడాలి?

ఫస్ట్ పోటీల్లో జడ్జీల గదిలోకి మార్గదర్శకులు వచ్చినా చూస్తూ కూర్చోవడమే తప్ప నోరు విప్పడానికి లేదు. మన ప్రదర్శనల్లో గైడ్ టీచర్ పక్కనే ఉంటారు, పిల్లవాడు తడబడితే అందుకుంటారు. ప్రేమతోనే అందుకుంటారు. కానీ ఆ క్షణం నుంచి జడ్జీ ప్రశ్నలు సార్‌కు వెళతాయి, పిల్లవాడు బల్ల పక్కన బొమ్మలా మిగులుతాడు.

టీచర్ చేయాల్సిన పని అంతకుముందే ఉంది. పిల్లలు చెప్పింది వినడం, అర్థం కానిచోట జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేయడం, పనిముట్లు సమకూర్చడం, వెల్డింగ్ లాంటి ప్రమాదకరమైన పనుల్లో తోడుండటం. బయటివాళ్లతో చేయించిన భాగం ఉంటే దాన్ని పిల్లలే ముందుగా చెప్పేలా చూడాలి. ‘ఫ్రేమ్ కరీంనగర్‌లో వెల్డింగ్ చేయించినం, కొలతలు మావే’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

జడ్జీలు ఊళ్లోనే ఉన్నారు

పోటీకి ముందు కనీసం రెండు మూడుసార్లు కొత్తవాళ్ల ముందు సాధన చేయించాలి. దానికి పట్నం నుంచి ఎవరినీ రప్పించనక్కర్లేదు. ట్రాక్టర్ మెకానిక్‌ను పిలిస్తే గేర్ల గురించి ఏ ఇంజనీరూ అడగనంత సూటిగా అడుగుతాడు. మోటార్లు వైండింగ్ చేసే వ్యక్తి, ఐటీఐలో పాఠం చెప్పే సారు, కొనుగోలు సెంటర్ నడిపే మహిళా సంఘం అధ్యక్షురాలు, వడ్లు ఆరబోసే ఒక రైతు. ఈ ఐదుగురు ఒక సాయంత్రం బడి వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటే పిల్లలకు అంతకన్నా గట్టి జడ్జీల బల్ల ఉండదు. ‘నా వడ్ల మీద తోలితే గింజ తొక్కు పోదా బిడ్డా?’ అని ఆ రైతు అడిగే ఒక్క ప్రశ్న నమూనానే మార్చేయవచ్చు. మార్చితే, ఆ సంగతీ నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది.

సౌకర్యాల మాటకొస్తే, 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ దేశంలో పదివేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెట్టించింది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఉద్దేశించిన ఈ ల్యాబ్‌కు రూ.20 లక్షల దాకా గ్రాంటు, అందులో త్రీడీ ప్రింటర్, ఎలక్ట్రానిక్ కిట్లు, సెన్సర్లు ఉంటాయి. ఆపై ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ల్యాబ్‌తోపాటు వాటిలో పనిచేసిన పిల్లలకు తమ పనిని చెప్పుకునే అవకాశం కూడా బడి ఇవ్వాలి. నెలకో శనివారం ఒక గంట, ఏదైనా ఒక జట్టు మిగతా తరగతుల ముందు నిలబడి ఐదు నిమిషాలు చెప్పి, ఐదు నిమిషాలు జవాబులివ్వడం. దానికి గ్రాంటు అక్కర్లేదు.

ఫలితం ఏదైనా తిరిగొచ్చాక ఒక పని మిగులుతుంది. జడ్జీలు అడిగిన ప్రశ్నలన్నీ బస్సులో ఉండగానే గుర్తున్నంతవరకు రాసుకోవాలి. జవాబు చెప్పలేనివాటి పక్కన గీత గీసుకోవాలి. లెగో లీగ్‌లో జడ్జీలు మూల్యాంకన పత్రం మీద రాసిన వ్యాఖ్యలు జట్టుకే తిరిగి ఇస్తారు. మన పోటీల్లో కాగితం అందకపోయినా, ప్రదర్శన ముగిశాక మర్యాదగా వెళ్లి ‘మేం ఏం మెరుగుపరచాలి మేడమ్?’ అని అడిగితే చాలామంది జడ్జీలు ఓపిగ్గా చెబుతారు. ఆ ప్రశ్నల జాబితాను, నోటుపుస్తకాన్ని, విరిగిన పాత చక్రాలను పదో తరగతి పిల్లలు బడి వదిలేలోపు ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పగించాలి. ఇన్‌స్పైర్ మానక్‌కు ఆలోచనలు పంపే పని మళ్లీ కొత్త విద్యాసంవత్సరంలోనే మొదలవుతుంది. వానాకాలం నాట్లు పడే సమయానికి తర్వాతి జట్టు తన మొదటి పేజీ రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.